నలభై సర్వర్ల మీద కొత్త వెర్షన్: డిప్లాయ్‌మెంట్ ఎక్కడెక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది

నలభై లినక్స్ సర్వర్లు. సగానికి పైగా ఉబుంటు, మిగతావి రెడ్‌హ్యాట్ కుటుంబానివి, వాటిలో కొన్ని బాగా పాతవి. అన్నింటికీ ఒకే జంప్ హోస్ట్ (లోపలి సర్వర్లకు చేరడానికి మధ్యలో దాటాల్సిన మెషిన్) గుండా దారి. యాన్సిబుల్ అంటే ఒక మెషిన్ నుంచి చాలా సర్వర్ల మీద పని చేయించే టూల్, దానికిచ్చే టాస్కుల జాబితా ప్లేబుక్. ఆ ప్లేబుక్ చేయాల్సిన పని చూడటానికి చిన్నదే: ఆర్కైవ్ దింపి విప్పడం, కాన్ఫిగ్ టెంప్లేట్ రాయడం, సెర్చ్ ఇండెక్స్ తిరిగి కట్టే షెల్ స్క్రిప్ట్ నడపడం, సర్వీస్ రీస్టార్ట్ చేయడం. టెస్ట్ మెషిన్ల మీద ఇబ్బంది లేకుండా నడిచింది. అసలు సర్వర్ల మీద మొదటిసారి నడిపితే పచ్చగా, అంటే సక్సెస్‌గా, వచ్చినవి మూడో వంతే. ఏమీ మార్చకుండా అదే ప్లేబుక్ మళ్ళీ నడిపితే ఎర్రబడిన సర్వర్ల జాబితా మారిపోయింది. ఏదైనా ఒకటే చోట విరిగితే వెతకొచ్చు, చోటు మారుతూ ఉంటేనే మనసు చికాకు పడుతుంది.

అప్పుడు ముందుగా చేసిన పని లాగ్‌లో టైమ్ పడేలా చూడటం. యాన్సిబుల్ కాన్ఫిగ్‌లో లాగ్‌పాత్ ఇచ్చి, ప్రొఫైల్‌టాస్క్స్ అనే కాల్‌బ్యాక్ ఆన్ చేస్తే ప్రతి టాస్క్‌కి ఎన్ని సెకన్లు పట్టిందో వస్తుంది. ఈ రెండూ లేకుండా డీబగ్ మొదలుపెట్టొద్దనే చెప్తాను. ఎందుకంటే ఎర్రర్ మెసేజ్ చాలాసార్లు దారి తప్పిస్తుంది, ఎంతసేపు ఆగి ఫెయిలైందో మాత్రం దాదాపు ఎప్పుడూ అసలు చోటికే తీసుకెళ్తుంది. కింద వచ్చే అంకెల్లో చాలావరకు టూల్స్‌లో ముందే ఉన్న డిఫాల్ట్ విలువలు. అవి తెలిస్తే లాగ్ చూడగానే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

మొదట 'అన్‌రీచబుల్' వచ్చిన సర్వర్లను 'ఫెయిల్డ్' వచ్చిన వాటి నుంచి విడదీశాం. అన్‌రీచబుల్ అంటే కనెక్షనే అందలేదు, మన స్క్రిప్ట్‌కి సంబంధం లేదు. దూరపు మెషిన్‌లోకి లాగిన్ కావడానికి వాడే మామూలు ఎస్ఎస్‌హెచ్ కమాండ్‌తో చూసినా ఇదే తేడా ఎగ్జిట్ కోడ్‌లో (కమాండ్ ముగిసేటప్పుడు ఇచ్చే అంకె, సున్నా అంటే సక్సెస్) కనిపిస్తుంది: 255 వస్తే సాధారణంగా అది ఎస్ఎస్‌హెచ్ సొంత ఎర్రర్, వేరే ఏది వచ్చినా అవతల నడిచిన కమాండ్ ఇచ్చిన కోడ్.

అన్‌రీచబుల్‌లో మళ్ళీ మూడు రకాలు. వెంటనే 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' వస్తే మెషిన్ బతికే ఉంది, పోర్ట్ వినడం లేదు. సరిగ్గా 10 సెకన్లకు ఫెయిలైతే అది యాన్సిబుల్ కనెక్షన్ టైమ్‌అవుట్, డిఫాల్ట్ అంతే. అదే సర్వర్‌కి టైమ్‌అవుట్ ఏదీ ఇవ్వకుండా చేత్తో ఎస్ఎస్‌హెచ్ కొడితే రెండు నిమిషాలకు కాస్త పైన ఆగి వదిలేసింది. లినక్స్ కెర్నల్ జవాబు రాని కనెక్షన్ కోసం మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి చేతులెత్తేసే సమయం అది. అంటే దారిలో ఫైర్‌వాల్ ప్యాకెట్‌ని తిప్పికొట్టకుండా మింగేస్తోంది. ఇలాంటి రెండు సర్వర్లకు ఫైర్‌వాల్ రూల్ రాయించుకోవడం తప్ప మన వైపు చేసేదేమీ లేదు. ఆ టికెట్ తిరిగి రావడానికి పట్టిన సమయమే మిగతా పనులన్నిటికంటే ఎక్కువ, కాబట్టి ఇలాంటివి దొరికిన వెంటనే అడిగేయండి.

మూడో రకమే జాబితా మారుతూ ఉండటానికి కారణం. కీ మార్పిడి మొదలయ్యేలోపే 'కనెక్షన్ క్లోజ్డ్ బై రిమోట్ హోస్ట్' అని, ఒకటి రెండు సెకన్లలోపే. వేర్వేరు సర్వర్లకు, ఏ వరసా లేకుండా. నిజానికి ఆ రిమోట్ హోస్ట్ అసలు సర్వర్ కాదు, మధ్యలో ఉన్న జంప్ హోస్ట్. యాన్సిబుల్ డిఫాల్ట్‌గా ఒకేసారి 5 సర్వర్ల మీదే పనిచేస్తుంది. ఆ సంఖ్యను నిర్ణయించే ఫోర్క్స్ సెట్టింగ్ ఇక్కడ 40 అని ఉంది, కాబట్టి ఒక్క క్షణంలో నలభై కనెక్షన్లు జంప్ హోస్ట్ తలుపు తట్టాయి. ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌లో మ్యాక్స్‌స్టార్టప్స్ అనే సెట్టింగ్ డిఫాల్ట్ విలువ 10:30:100. ఇంకా లాగిన్ పూర్తి కాని కనెక్షన్లు 10కి చేరగానే కొత్తగా వచ్చేవాటిలో నూటికి 30 వంతున యాదృచ్ఛికంగా తెంచేస్తుంది, సంఖ్య పెరిగేకొద్దీ ఆ వంతూ పెరుగుతుంది, 100కి చేరితే అన్నింటినీ తెంచేస్తుంది. యాదృచ్ఛికం కాబట్టే ప్రతిసారీ వేరే సర్వర్లు బలయ్యాయి. జంప్ హోస్ట్ లాగ్‌లో మ్యాక్స్‌స్టార్టప్స్ థ్రాట్లింగ్ మొదలైందనే లైను వెతికితే ధ్రువీకరణ దొరికింది.

దీనికి రెండు మందులు. ఒకటి ఫోర్క్స్‌ని 10 లోపుకు దించడం. రెండోది, మాకు బాగా కలిసొచ్చింది, జంప్ హోస్ట్ కనెక్షన్‌ని పంచుకోవడం. ఎస్ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో జంప్ హోస్ట్ పేరు కింద కంట్రోల్‌మాస్టర్ ఆటో, కంట్రోల్‌పర్సిస్ట్ 10 నిమిషాలు పెట్టి, ప్లేబుక్‌కి ముందు చేత్తో ఒకసారి దానికి లాగిన్ కావాలి. ఆ తర్వాత నలభై సర్వర్లకూ దారి ఆ ఒక్క కనెక్షన్ లోపలి నుంచే పోతుంది, లాగిన్ ఒక్కసారే జరుగుతుంది. ముందుగా చేత్తో తెరవకపోతే నలభై ప్రాసెస్‌లూ ఒకేసారి మాస్టర్ (మిగతావి పంచుకునే మొదటి కనెక్షన్) కావడానికి పోటీపడి మళ్ళీ మొదటికే వస్తుంది.

పాత సర్వర్ల కథ వేరు. పాస్‌వర్డ్ బదులు వాడే లాగిన్ కీ సరైనదే, ఫైల్ పర్మిషన్ 600 ఉంది, అయినా 'పర్మిషన్ డినైడ్'. ఎస్ఎస్‌హెచ్‌కి వెర్బోస్ ఆప్షన్ ఇస్తే రెండు వైపులకూ ఉమ్మడి సంతకం పద్ధతి లేదన్న లైను కనిపించింది. 2021లో వచ్చిన ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ 8.8 నుంచి పాత షా-1 ఆర్‌ఎస్‌ఏ సంతకాలు డిఫాల్ట్‌గా ఆఫ్. యాన్సిబుల్ నడిపే మన కంట్రోల్ మెషిన్ కొత్తది, ఆర్‌ఎస్‌ఏ కీలకు అవతలి సర్వర్‌కి అదొక్కటే వచ్చు. కీ మార్చే వీలుంటే ఈడీ25519 కీ పెట్టండి, 6.5 వెర్షన్ నుంచి ఉంది. అంతకంటే పాత సర్వర్లకు మాత్రం ఆ ఒక్క హోస్ట్ పేరు కిందే పాత పద్ధతిని అనుమతించే లైను రాయాలి. అన్ని హోస్ట్‌లకూ వర్తించేలా పెట్టకండి.

కొందరి ల్యాప్‌టాప్ నుంచి మాత్రమే వచ్చిన ఇంకో ఎర్రర్ 'టూ మెనీ ఆథెంటికేషన్ ఫెయిల్యూర్స్'. కీలను గుర్తుపెట్టుకునే ఎస్ఎస్‌హెచ్ ఏజెంట్‌లో కీలు ఎక్కువుంటే ఎస్ఎస్‌హెచ్ వాటిని వరసగా చూపిస్తూ పోతుంది, సర్వర్ 6 ప్రయత్నాలకే తలుపు మూసేస్తుంది. ఐడెంటిటీస్‌ఓన్లీ ఎస్ అని పెట్టి కీ ఫైల్ పేరిస్తే పోతుంది.

కనెక్షన్లు కుదిరాక పైథాన్ వంతు. యాన్సిబుల్‌కి అవతలి మెషిన్‌లో తన సొంత ప్రోగ్రామ్ ఏదీ ముందే ఉండక్కర్లేదు కానీ పైథాన్ కావాలి, అది కూడా సరిపడే వెర్షన్. యాన్సిబుల్‌కోర్ 2.17 నుంచి అవతల పైథాన్ 3.7 తప్పనిసరి. రెడ్‌హ్యాట్ 8లో సిస్టమ్ పైథాన్ 3.6. కొత్త పైథాన్ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుందనిపిస్తుంది, ప్యాకేజీలు పెట్టే డీఎన్‌ఎఫ్ మాడ్యూల్ దగ్గర మళ్ళీ ఆగుతుంది, ఎందుకంటే డీఎన్‌ఎఫ్ లైబ్రరీ సిస్టమ్ పైథాన్‌కే కట్టుబడి ఉంటుంది. కంట్రోల్ మెషిన్‌లో వేరే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసి 2.16 పెట్టుకుని ఆ సర్వర్లను దాంతో నడపడమే తేలిక.

ఆ తర్వాత వచ్చింది నా దృష్టిలో అన్నిటికంటే తప్పుదారి పట్టించే మెసేజ్: సుడో (రూట్ హక్కులతో కమాండ్ నడిపేది) ప్రాంప్ట్ కోసం 12 సెకన్లు ఎదురుచూసి టైమ్‌అవుట్ అయిందని. చదివితే పాస్‌వర్డ్ సమస్య అనిపిస్తుంది. అందరూ సుడో హక్కులు రాసే సుడోయర్స్ ఫైల్ తెరుస్తారు. అందులో ఏ తప్పూ లేదు. ఆ సర్వర్‌లోకి లాగిన్ అయి 'టైమ్' పెట్టి, ఏ పనీ చేయని 'ట్రూ' కమాండ్‌ని సుడోతో నడిపితే ఇరవై సెకన్లు పట్టింది. సుడో తన సొంత హోస్ట్‌నేమ్‌ని వెతుక్కుంటోంది. ఆ పేరు హోస్ట్స్ ఫైల్‌లో లేదు, రిజాల్వ్ ఫైల్‌లో ఉన్న రెండు నేమ్‌సర్వర్లూ (పేరుకి ఐపీ అడ్రస్ చెప్పేవి) ఎప్పుడో తీసేసినవి. ఒక్కో నేమ్‌సర్వర్‌కి 5 సెకన్ల చొప్పున రెండు ప్రయత్నాలు, రెండు నేమ్‌సర్వర్లు, మొత్తం 20 సెకన్లు. డిఫాల్ట్ విలువలతో లెక్క సరిగ్గా కుదిరింది. హోస్ట్స్ ఫైల్‌లో 127.0.1.1 పక్కన ఆ మెషిన్ పేరు రాయగానే సుడో రెప్పపాటులో తిరిగొచ్చింది. యాన్సిబుల్ టైమ్‌అవుట్‌ని 60కి పెంచితే కూడా 'పనిచేసినట్టే' ఉంటుంది, కానీ సుడో వాడే ప్రతి టాస్క్‌కీ ఆ ఇరవై సెకన్లు కడుతూ ఉండాలి.

ఆర్కైవ్ సైజ్ దాదాపు 600 ఎంబీ. కాపీ మాడ్యూల్‌తో కంట్రోల్ మెషిన్ నుంచి నలభై చోట్లకు పంపితే 24 జీబీ, అదంతా ఒక జంప్ హోస్ట్ గొంతులోంచి. లోపలి నెట్‌వర్క్‌లో ఉన్న ఒక వెబ్ సర్వర్‌లో పెట్టి, గెట్‌యూఆర్ఎల్ మాడ్యూల్‌తో, చెక్‌సమ్ ఇచ్చి, ఎవరికి వారు దింపుకునేలా మార్చాం. ఒక సర్వర్‌లో విప్పేటప్పుడు 'నో స్పేస్ లెఫ్ట్' వచ్చింది, డిస్క్ చూస్తే సగం ఖాళీ. డిస్క్ వాడకం చూపే డీఎఫ్ కమాండ్‌కి ఐనోడ్ (ఒక్కో ఫైల్‌కి ఒకటి చొప్పున ఖర్చయ్యే నమోదు) ఆప్షన్ ఇస్తే నూటికి నూరు నిండి ఉంది: లక్షల కొద్దీ చిన్న సెషన్ ఫైళ్ళు. డిస్క్ నిండిందనే ఎర్రర్ వస్తే ఆ రెండు అంకెలూ చూడాల్సిందే.

ఉబుంటు సర్వర్లలో కొన్ని ప్యాకేజీల టాస్క్ దగ్గర సరిగ్గా ఒక నిమిషం ఆగి ఫెయిలయ్యాయి. ఉబుంటులో ప్యాకేజీలు పెట్టే ఏపీటీ మాడ్యూల్, ఒకసారికి ఒక్కరినే పనిచేయనిచ్చే లాక్ కోసం ఎదురుచూసే డిఫాల్ట్ సమయం 60 సెకన్లు. వెనక ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తోంది. లాక్ టైమ్‌అవుట్‌ని 600కి పెంచితే తనంతట తానే సర్దుకుంది. లాక్ ఫైల్ డిలీట్ చేయమని చెప్పే సలహాలు ఎక్కడ కనిపించినా వినకండి, సగంలో ఉన్న ప్యాకేజీ డేటాబేస్‌ని బాగుచేయడం దీనికంటే చాలా పెద్ద పని.

ఇక స్క్రిప్ట్. 'చేత్తో నడిపితే పనిచేస్తుంది, యాన్సిబుల్ నుంచి చేయదు' అనే ఫిర్యాదు వినని వారుండరు. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: చేత్తో లాగిన్ అయినప్పుడు ప్రొఫైల్ ఫైళ్ళు చదువుతుంది, దూరం నుంచి కమాండ్ పంపితే చదవదు. జావా దారి ప్రొఫైల్‌లోనే రాసి ఉంటే స్క్రిప్ట్‌కి జావా కనపడదు, కమాండ్ దొరకలేదనే ఎగ్జిట్ కోడ్ 127 వస్తుంది. సుడోతో నడిపితే సెక్యూర్‌పాత్ సెట్టింగ్ ఉన్న పాత్‌ని (కమాండ్లు వెతికే ఫోల్డర్ల జాబితా) కూడా తీసేసి తన జాబితా పెడుతుంది. తేల్చుకోవడానికి ఒక మార్గం: ఎన్వ్ కమాండ్‌ని దూరం నుంచి ఒకసారి, లాగిన్ అయి ఒకసారి నడిపి, రెండు ఫలితాలనూ డిఫ్ చేయడం. మందు మాత్రం ప్రొఫైల్‌ని బలవంతంగా చదివించడం కాదు, స్క్రిప్ట్‌లో పూర్తి పాత్ రాయడం.

127 ఇంకో రూపంలో కూడా వచ్చింది. స్క్రిప్ట్ విండోస్ ఎడిటర్ నుంచి వచ్చింది, లైను చివర క్యారేజ్ రిటర్న్ ఉంది, కాబట్టి మొదటి లైనులోని ఇంటర్‌ప్రెటర్ పేరు 'బ్యాష్' కాకుండా 'బ్యాష్, దాని వెనక కంటికి కనపడని ఒక అక్షరం' అయింది. ఇక 126 వస్తే ఫైల్ ఉంది, నడపడానికి అనుమతి లేదు. ఎగ్జిక్యూట్ బిట్ సరిగ్గానే ఉండి 126 వస్తే మౌంట్ ఆప్షన్లు చూడండి. సెక్యూరిటీ కోసం /టీఎంపీని నోఎగ్జెక్‌గా (అక్కడి ఫైళ్ళను నడపనివ్వకుండా) మౌంట్ చేసిన సర్వర్లలో మాకు జరిగింది అదే. 137 వస్తే 128 తీసేయండి, మిగిలిన 9 అంటే సిగ్‌కిల్, చాలాసార్లు మెమరీ చాలక కెర్నల్ చంపేసింది అని అర్థం. ఇంకొకటి: యాన్సిబుల్ షెల్ మాడ్యూల్ వాడేది మామూలు ఎస్‌హెచ్, ఉబుంటులో అది బ్యాష్ కాదు, డ్యాష్. డబుల్ బ్రాకెట్లు, సోర్స్ లాంటివి అక్కడ పనిచేయవు. ఎగ్జిక్యూటబుల్ అని బ్యాష్ పాత్ ఇవ్వాలి.

ఇండెక్స్ స్క్రిప్ట్ ఇరవై నిమిషాల పని. కొన్ని సర్వర్లలో అది మూడు సెకన్లలో పచ్చగా పూర్తయింది. ఎర్రబడిన వాటికంటే ఇవే భయపెట్టాయి. స్క్రిప్ట్‌లో అసలు కమాండ్ ఫలితాన్ని పైప్‌తో, స్క్రీన్‌కీ ఫైల్‌కీ రెండిటికీ రాసే టీ కమాండ్‌కి పంపి లాగ్ రాస్తున్నారు. పైప్‌లైన్ ఎగ్జిట్ కోడ్ అంటే చివరి కమాండ్ కోడ్, టీ దాదాపు ఎప్పుడూ సక్సెసే. ఏ కమాండ్ ఫెయిలైనా స్క్రిప్ట్‌ని ఆపే సెట్ ఈ ఉన్నా ఉపయోగం లేదు, పైప్‌ఫెయిల్ కూడా పెట్టాలి. పెట్టగానే ఆ సర్వర్లు నిజాయితీగా ఎర్రబడ్డాయి, అసలు ఎర్రర్ కనపడింది.

నిజంగా ఇరవై నిమిషాలు నడిచిన చోట ఇంకో ఇబ్బంది. అంతసేపూ ఒక్క అక్షరం కూడా స్క్రీన్ మీదకు రాదు, మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని చెప్పకుండా మర్చిపోయింది. మన వైపు ఎస్ఎస్‌హెచ్‌కి ఆ సంగతి తెలియదు. కెర్నల్ కీప్‌అలైవ్ మొదలయ్యేది 7200 సెకన్లకు, అంటే రెండు గంటలు. సర్వర్‌అలైవ్‌ఇంటర్వల్ 30 పెడితే కనెక్షన్ ఖాళీగా ఉండదు, ఒకవేళ తెగినా మూడు ప్రయత్నాల తర్వాత, సుమారు ఒకటిన్నర నిమిషంలో తెలుస్తుంది. ఇలాంటి పనికి యాన్సిబుల్‌లో అసింక్ 3600, పోల్ 30 ఇవ్వడం ఇంకా మేలు: పని అవతలే విడిగా నడుస్తుంది, మనం ముప్పై సెకన్లకోసారి వెళ్ళి అయిందా అని అడుగుతాం. తెగిన కనెక్షన్‌తో పాటు స్క్రిప్ట్ చచ్చిపోయిందనుకుని మళ్ళీ నడిపితే, పాతది ఇంకా నడుస్తూనే ఉండి రెండూ ఒకే ఇండెక్స్ మీద పడతాయి. స్క్రిప్ట్ మొదట్లోనే ఎఫ్‌లాక్ (ఒకసారికి ఒకటే నడిచేలా లాక్ వేసే కమాండ్) పెట్టి, లాక్ దొరక్కపోతే ఎర్రర్‌తో బయటికొచ్చేలా రాయండి.

అన్నీ పచ్చబడ్డాయి. తర్వాత చూస్తే దాదాపు పది సర్వర్లు పాత కాన్ఫిగ్‌తోనే జవాబిస్తున్నాయి. ఫైల్ తెరిస్తే కొత్త కాన్ఫిగ్ ఉంది. వెతుకులాటలో ఇక్కడే ఎక్కువ సమయం పోయింది. జరిగింది ఇది: యాన్సిబుల్‌లో కాన్ఫిగ్ మారితే హ్యాండ్లర్‌కి (కబురు అందితేనే నడిచే టాస్క్, ఇక్కడ సర్వీస్ రీస్టార్ట్) కబురు వెళ్తుంది, కానీ హ్యాండ్లర్ నడిచేది ప్లే, అంటే ఆ టాస్కుల వరస, చివర. మొదటిసారి కాన్ఫిగ్ రాసింది, కబురు పంపింది, ఆ తర్వాతి టాస్క్‌లో సర్వర్ ఫెయిలైంది, హ్యాండ్లర్ దాకా రాలేదు. రెండోసారి నడిపితే కాన్ఫిగ్ ముందే సరిగ్గా ఉంది, కాబట్టి 'ఓకే', మార్పు లేదు, కబురూ లేదు. రీస్టార్ట్ ఎప్పటికీ జరగదు. ఇంకెన్నిసార్లు నడిపినా పచ్చగానే వస్తుంది. మొదటి రన్ సగంలో ఆగిన ప్రతి సర్వర్‌నీ ఈ అనుమానంతో చూడాలి. కనిపెట్టడానికి, సిస్టమ్‌సీటీఎల్ షోతో సర్వీస్ యాక్టివ్ అయిన సమయం తీసుకుని, స్టాట్‌తో కాన్ఫిగ్ ఫైల్ మారిన సమయంతో పోల్చాం. సర్వీస్ సమయం పాతదైతే అది పాత కాన్ఫిగ్‌తో నడుస్తున్నట్టే. ప్లేబుక్‌లో కాన్ఫిగ్ టాస్కుల తర్వాత వెంటనే, కబురందిన హ్యాండ్లర్లను అక్కడే నడిపే ఫ్లష్‌హ్యాండ్లర్స్ పెట్టాం, తర్వాతి టాస్క్ ఫెయిలైనా వాటిని నడిపే ఫోర్స్ హ్యాండ్లర్స్ ఆప్షన్ కమాండ్‌కి చేర్చాం.

రీస్టార్ట్ పచ్చబడటం కూడా నమ్మదగింది కాదు. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో సర్వీస్ టైప్ సింపుల్ అయితే ప్రాసెస్ మొదలవ్వగానే సక్సెస్ చెప్పేస్తుంది, అది ఎనిమిది సెకన్ల తర్వాత పడిపోయినా యాన్సిబుల్‌కి తెలియదు. టైప్ నోటిఫై అయితే సర్వీస్ సిద్ధమని తానే చెప్పేదాకా ఆగుతుంది, చెప్పకపోతే 90 సెకన్లకు ఫెయిల్ చేస్తుంది. సర్వీస్ టైప్ మార్చే హక్కు మనకు లేనప్పుడు, సర్వీస్ బాగుందో లేదో చెప్పే హెల్త్ అడ్రస్‌ని యూఆర్‌ఐ మాడ్యూల్‌తో 5 సెకన్లకోసారి 12 సార్లు అడిగి, జవాబులో వచ్చిన వెర్షన్ నంబర్ సరిపోతేనే ముందుకు వెళ్ళేలా పెట్టుకోవాలి.

ఆ చెక్ పెట్టగానే రెండు సర్వర్లు దొరికిపోయాయి. సర్వీస్ కాన్ఫిగ్ చదవలేకపోతోంది. వాటికి మాత్రమే ఉన్న రోల్‌లో (యాన్సిబుల్ టాస్కుల కట్ట) ఫైల్ పర్మిషన్ చెప్పే మోడ్ 640 అని ఉంది, ముందు సున్నా లేదు, కొటేషన్లు లేవు. ప్లేబుక్ రాసే ఫార్మాట్ యామెల్ దాన్ని దశాంశ సంఖ్య 640గా తీసుకుంది, పర్మిషన్లు మాత్రం ఆక్టల్ అంకెల్లో ఉంటాయి. ఆక్టల్‌లో అది 1200: స్టికీ బిట్, ఓనర్‌కి రాసే హక్కు, గ్రూప్‌కి ఏమీ లేదు. రూట్‌గా తెరిస్తే ఎప్పుడూ తెరుచుకుంటుంది కాబట్టి చూసినవారికి తప్పు కనపడదు. ఎప్పుడూ కొటేషన్లలో '0640' అనే రాయండి.

చివరి రన్‌ని సీరియల్ 1, 5, 10గా విడగొట్టాం, ఫెయిల్ శాతం పరిమితి సున్నా. మొదటి సర్వర్ పాసైతేనే తర్వాతి ఐదు, అవి పాసైతేనే పదేసి. ఇలా చేస్తే మొత్తం సమయం పెరుగుతుంది, ఇండెక్స్ కట్టే ఇరవై నిమిషాలు ప్రతి విడతకూ మళ్ళీ లెక్కలోకొస్తాయి, మధ్యాహ్నం మొదలైంది సాయంత్రానికి తేలుతుంది.

పైథాన్ అసలు సరిపడని పాత సర్వర్లు మిగిలాయి. వాటిని ప్లేబుక్ నుంచి తీసేసి, పేర్లు ఒక ఫైల్‌లో పెట్టి, దాన్ని లైను లైనుగా చదివే వైల్ రీడ్ లూప్‌లో ఎస్ఎస్‌హెచ్‌తో స్క్రిప్ట్ నడిపాం. మొదటి సర్వర్ అయ్యాక లూప్ ఏ ఎర్రరూ లేకుండా ఆగిపోతుంది, ఎగ్జిట్ కోడ్ సున్నా. ఎస్ఎస్‌హెచ్ స్టాండర్డ్ ఇన్‌పుట్ చదువుతుంది, ఆ ఇన్‌పుట్‌లోనే మిగతా సర్వర్ల పేర్లున్నాయి, అన్నిటినీ మొదటి సర్వర్‌కే పంపేస్తుంది. ఎస్ఎస్‌హెచ్‌కి హైఫన్ ఎన్ ఆప్షన్ ఇస్తే లూప్ చివరిదాకా వెళ్తుంది. దాంతో పాటు బ్యాచ్‌మోడ్ ఎస్ కూడా పెట్టండి, లేకపోతే కీ పనిచేయని ఒక్క సర్వర్ పాస్‌వర్డ్ అడుగుతూ మిగతావాటిని నిలబెట్టేస్తుంది. నలభైంటి నుంచీ ఇన్‌స్టాల్ అయిన ఫైళ్ళన్నిటికీ కలిపి ఒక్కో షా-256 చెక్‌సమ్ తెప్పించి, సార్ట్ చేసి, యూనిక్ కౌంట్ తీస్తే ఒకే లైను వచ్చింది, పక్కన 40. టికెట్ మూసేశాం.